విన్నపం అంటే మనవి, మనవి అంటే విజ్ఞప్తి, విజ్ఞప్తి అంటే విన్నపం: ఈ చుట్టు తెంచేదెలా?

పదచారి:
తర్కశాస్త్ర పరిచయ పుస్తకం ఒకటి ఇంగ్లిషు నుంచి తెలుగులోకి వస్తోంది. దానికి పదకోశం కూర్చుతుంటే ఒకే వేరు నుంచి వచ్చిన మూడు మాటల దగ్గర పని ఆగింది: పిటిషన్, రిపిటిషన్, పెటీషియో ప్రిన్సిపీ. మూడింటికీ మూలం లాటిన్ ‘పెటెరె’. ఒకదాని వైపు వెళ్లడం, వెతకడం, అడగడం అని దాని అర్థాలు. ముందు ‘రి’ చేరితే మళ్లీ అడగడం. మూడోది తర్కదోషం, తేల్చాల్సినదాన్నే ముందే ఒప్పేసుకుని వాదించడం; ఇంగ్లిషువాళ్లు ‘బెగ్గింగ్ ద క్వశ్చన్’ అంటారు.
మొదటిదానికి మనకు డజను మాటలున్నాయి గానీ చిన్న నిఘంటువులు తిరగేస్తే ఈ చర్చ శీర్షికలో ఉన్నదే కనిపిస్తుంది. రెండోదానికి పునరుక్తి, ఆమ్రేడితం, చర్వితచర్వణం, పిష్టపేషణం ఉన్నాయి, వాటి మధ్య గీత ఎక్కడ గీయాలో తేలడం లేదు. మూడోదానికి ముసాయిదాలో ‘ప్రశ్నను యాచించుట’ అని పడింది. అది తీసేయాలని తెలుసు. ఏం పెట్టాలి?

కొలిమి:
మీ మొదటి చిక్కే మూడో చిక్కుకి ఉదాహరణ. అలాగే పుస్తకంలో పెట్టేయండి, వేరే వెతకనక్కర్లేదు.

కాగితాలపులి:
అర్జీ అనే మాట ‘అర్థి’ నుంచి వచ్చింది కదా? అడిగేవాడు అర్థి, వాడు ఇచ్చేది అర్జీ. అక్కడి నుంచి మొదలుపెడితే మిగతావి వరసలో పడతాయి.

ఉర్దూబాట:
కాదండీ. వినడానికి దగ్గరగా ఉన్నాయి గానీ చుట్టరికం లేదు. అర్జీ అరబీ ‘అర్జ్’ నుంచి, ఫార్సీ దఫ్తరాల మీదుగా వచ్చింది. దాని అసలు అర్థం ఎదుట పెట్టడం, చూపించడం. అందులో అడుక్కోవడం లేదు. కొందరు ‘ఆర్జీ’ అని దీర్ఘం పెడతారు, అది ఆర్జనతో కలిసిపోతుంది. హ్రస్వమే సరి.
మిగతావి కూడా మూలార్థంతో చూస్తే చుట్టు చాలావరకు తెగుతుంది. దరఖాస్తు ఫార్సీ, కోరడం అనే క్రియ నుంచి. ఫిర్యాదు కూడా ఫార్సీయే, ‘ఫర్యాద్’ అంటే ఆదుకోమని వేసే కేక. తెలుగులో దానికి అచ్చమైన జోడు ‘మొర’. మహజరు అరబీ ‘మహ్‌జర్’, హాజరుతో ఒకే ధాతువు. నలుగురూ హాజరై ఒప్పుకున్న కాగితం అన్నమాట. అందుకే ఒక్కడు ఇచ్చేది మహజరు కాదు. ఊరంతా సంతకాలు, వేలిముద్రలు పెట్టి ఇచ్చేది మహజరు. ఇప్పుడు పేపర్లు ఆ చోట ‘సామూహిక వినతిపత్రం’ అని రెండు మాటలు ఖర్చుపెడుతున్నాయి. కన్నడ ప్రాంతంలో ఇదే మాట పంచనామా అర్థంలో నడుస్తుంది, సరిహద్దు జిల్లాల కాగితాలు తెలుగు చేసేటప్పుడు జాగ్రత్త.

కాగితాలపులి:
సరే, అర్థి వెనక్కి తీసుకుంటున్నా. మరి అభ్యర్థి?

తర్కపాదం:
అది మాత్రం అర్థి ఇంటిదే. అభ్యర్థించేవాడు అభ్యర్థి, అంటే ఓటు అడిగేవాడు. ప్రత్యర్థి ఇంకా బాగుంటుంది. ధర్మశాస్త్రాల్లో దావా వేసినవాడు అర్థి, జవాబు చెప్పుకోవాల్సినవాడు ప్రత్యర్థి. కోర్టులో ఆ చోటు ‘ప్రతివాది’కి వదిలేసి ఇప్పుడు ఎన్నికల్లోనూ ఆటల్లోనూ తిరుగుతోంది.

ఉర్దూబాట:
బోనులో నిలబడే మనిషి మారిపోయిన మాట ఇంకొకటుంది. ముద్దాయి. అరబీలో, ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. దావా, ముద్దయీ రెండూ ఒకే ధాతువు. ఎదుటివాడు ‘ముద్దఆలైహ్’. తెలుగులో తోక ఊడిపోయి, ఆరోపణ ఎవరి మీద ఉందో వాడే ముద్దాయి అయ్యాడు. ఉర్దూ దస్తావేజు తెలుగు చేసేవాళ్లు ముద్దయీని ముద్దాయి అని దించితే కేసు తలకిందులవుతుంది. అక్కడ వాది అనాలి.

సబ్‌డెస్క్:
వాడకం వైపు నుంచి నాలుగు మాటలు. మాటను నిర్ణయించేది అడిగే విషయం కాదు, ఎవరు ఎవరిని ఏ హోదాలో అడుగుతున్నారన్నది.
దరఖాస్తుకి ముందే ఒక నమూనా, అర్హతలు, తరచుగా రుసుము, గడువు ఉంటాయి. పింఛనుకి, ఉద్యోగానికి, సమాచార హక్కుకి చేసేది దరఖాస్తు. అర్జీకి నమూనా లేదు, మీ గోడు మీ మాటల్లో. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చేది అర్జీ, ఇచ్చినవారు అర్జీదారు. ఫిర్యాదులో తప్పు చేసినవాడు ఒకడుండాలి. వీధి దీపం కావాలంటే అర్జీ, వేసిన దీపం వారానికే పోయిందంటే ఫిర్యాదు.
సమాచార హక్కు చట్టంలో ఈ గీత స్పష్టంగా ఉంది. సెక్షన్ 6 కింద దరఖాస్తు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా సెక్షన్ 19 కింద మొదటి అప్పీలు, దానికి గడువు 30 రోజులు. రెండోదానికి 90 రోజులు. సెక్షన్ 18 కింద సమాచార కమిషన్‌కి ఇచ్చేది ఫిర్యాదు, అది వేరే దారి. అప్పీలు వేయాల్సినవాళ్లు పైన ‘ఫిర్యాదు’ అని రాస్తే, కమిషన్ దాన్ని సెక్షన్ 18 కిందే తీసుకునే ప్రమాదం ఉంది. సెక్షన్ 18లో సమాచారం ఇప్పించమని ఆదేశించే అధికారం లేదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. మాట తప్పితే కావాల్సిన కాగితమే చేతికి రాదు.

పదచారి:
విజ్ఞప్తి, వినతి, మనవి? ఈ మూడే నన్ను తిప్పుతున్నాయి.

సబ్‌డెస్క్:
వినతిలో ‘నతి’ ఉంది, వంగడం. ఎంత మర్యాదగా వాడినా మాటలో ఆ వంపు పోదు. అందుకే సమ్మె నోటీసు ఇచ్చే సంఘం వినతిపత్రం ఇవ్వదు, డిమాండ్ల పత్రం ఇస్తుంది. విజ్ఞప్తి అంటే తెలియజేయడం. అది కిందినుంచి పైకీ పోతుంది, పైనుంచి కిందికీ వస్తుంది. ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ అని రైల్వేవాళ్లు అనగలరు, ‘ప్రయాణికులకు అర్జీ’ అనలేరు. విన్నపం దీని తద్భవమే, విజ్ఞాపనం అరిగి విన్నపం అయింది. కానీ అరిగేటప్పుడు పైనుంచి కిందికి వచ్చే దారి మూసుకుపోయింది, చిన్నవాడు పెద్దవాడికే విన్నవించుకుంటాడు. మనవిలో ముఖాముఖి ఉంది, నోటితో చెప్పేది. ‘మనవి చేసుకుంటున్నాను’ అని సభలో అనొచ్చు. ‘మనవిపత్రం’ అని ఎవరూ అనరు, గమనించారా?
ఇంకో గుంట: హిందీ నుంచి దించేటప్పుడు ‘యాచిక’ని అలాగే ఉంచేస్తారు. అక్కడ అది కోర్టు పిటిషన్. మనకు యాచకుడు గుడి మెట్ల మీద ఉంటాడు. హిందీ ‘నివేదన్’ మనకు మనవి. తెలుగు నివేదన దేవుడికి పెట్టేది.

కొలిమి:
‘ఏకరువు పెట్టడం’ కూడా వేసుకోండి. ‘సమస్యలు ఏకరువు పెట్టారు’ అని జిల్లా పేజీలో రోజూ ఉంటుంది. అడగడానికీ మళ్లీ మళ్లీ చెప్పడానికీ మధ్య వంతెన అదే.

వ్యాకర్త:
వంతెన దాటి రెండో చిక్కుకి వద్దాం. ఆమ్రేడితాన్ని దోషాల జాబితాలోంచి ముందు తీసేయండి. అది వ్యాకరణ సంజ్ఞ. ఒక మాట రెండుసార్లు వస్తే రెండోదాని పేరు ఆమ్రేడితం, బాలవ్యాకరణం చెప్పేది అదే. ఏమి+ఏమి ఏమేమి అయితే అర్థం పెరిగింది, ఒకటి కాదు చాలా అని. పగలు+పగలు పట్టపగలు, చివర+చివర చిట్టచివర, నడుమ+నడుమ నట్టనడుమ, బయలు+బయలు బట్టబయలు. ఇక్కడ మళ్లీ చెప్పడం వల్ల ‘సరిగ్గా అక్కడే’ అనే కొత్త అర్థం పుట్టింది. తెలుగులో రెట్టింపు ఒక పనిముట్టు. ‘చిన్న చిన్న ఇళ్లు’లో రెండో చిన్న తీసేస్తే ఇళ్లు చాలా ఉన్నాయన్న జాడ తగ్గుతుంది. ఇంగ్లిషు అలవాటుతో దాన్ని కొట్టేసే ఎడిటర్లున్నారు, వాళ్ల కోసం చెబుతున్నా.
మాటవరసకి ఇంకొకటి. ‘మాటిమాటికి’లో ఉన్నది మాట కాదు, మాటు. మాటు అంటే సారి. ‘పదేపదే’లో ఉన్నది పదం కాదు, అడుగు. సంస్కృతంలో ‘పదే పదే’ అంటే అడుగడుగునా అని. రెండింటినీ ‘ప్రతి మాటకీ’ అని విడదీసే వ్యాఖ్యలు కనిపిస్తుంటాయి.

తర్కపాదం:
మళ్లీ చెప్పడం దోషం ఎప్పుడవుతుందో మన పాత తర్కశాస్త్ర గ్రంథం న్యాయసూత్రాలు తేల్చాయి. వాదంలో ఓడిపోయే చోట్లు, నిగ్రహస్థానాలు, 22. వాటిలో పునరుక్తం ఒకటి. అదీ రెండు రకాలు. ‘శబ్దం నిత్యం, శబ్దం నిత్యం’ అంటే మాటే తిరిగి వచ్చింది. ‘శబ్దం అనిత్యం, ధ్వని నశించేది’ అంటే మాటలు మారాయి, అర్థం తిరిగి వచ్చింది. ఈ రెండో రకాన్ని గుర్తుపెట్టుకోండి, మూడో చిక్కుకి తాళం చెవి అదే.
అదే సూత్రంలో ఒక మినహాయింపు: ‘అనువాదం తప్ప’. అవును, అదే మాట. అక్కడ అనువాదం అంటే భాషాంతరం కాదు, ప్రయోజనం కోసం తిరిగి చెప్పడం. అయిదు అవయవాల, అంటే అయిదు మెట్ల, వాదంలో మొదటిది ప్రతిజ్ఞ, ‘కొండ మీద నిప్పుంది’. అయిదోది నిగమనం, ‘కాబట్టి కొండ మీద నిప్పుంది’. రెండూ ఒకటే కదా అంటే, కాదు. మొదటిది తేల్చాల్సినది, అయిదోది తేలినది. సూత్రమే నిగమనాన్ని ప్రతిజ్ఞ ‘పునర్వచనం’ అని నిర్వచించింది. అంటే మళ్లీ చెప్పడం తప్పు కాదు, రెండోసారికి పనేమీ లేకపోవడం తప్పు.

కోర్టుపక్షి:
అర్జీ రాతలో ఇది రోజూ పనికొచ్చే సంగతి. పైన ‘విషయం:’ అని ఒక లైను, చివర ‘కావున’ అని మొదలయ్యే పేరాలో ప్రార్థన. రెంటిలోనూ ఒకే కోరిక ఉంటుంది. అది అనువాదం, ఉండాలి. పైన ‘సర్వే చేయించమని’ రాసి కింద ‘పాసుపుస్తకం ఇప్పించమని’ ముగిస్తే ఫైలు ఎటు పోవాలో గుమాస్తాకి తెలియదు. మధ్య పేరాల్లో అదే కోరిక మూడుసార్లు వేడుకుంటే మాత్రం పునరుక్తి. అక్కడ ఉండాల్సింది సర్వే నంబరు, విస్తీర్ణం, తేదీలు, ముందు ఇచ్చిన అర్జీ రసీదు నంబరు. కోర్టు కాగితాలకైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6, రూల్ 2 ఉంది: ముఖ్యమైన వాస్తవాలు క్లుప్తంగా, సాక్ష్యం కాదు.
పాత దస్తావేజులవాళ్లు పునరుక్తి తప్పించుకోవడానికి రెండు మాటలు అట్టేపెట్టుకున్నారు: ‘సదరు’, ‘మజుకూరు’. పైన చెప్పిన, ప్రస్తావించిన అని. సదరు ఇంకా బతికుంది. ఒక హెచ్చరిక. రెండు భూములు ప్రస్తావించాక ‘సదరు భూమి’ అంటే ఏదన్నది తెలియదు. అలాంటి చోట సర్వే నంబరు మళ్లీ రాయడమే మేలు, అది దోషం కాదు.

పదచారి:
చర్వితచర్వణం, పిష్టపేషణం?

వ్యాకర్త:
నమిలినదాన్ని నమలడం, పిండిని మళ్లీ విసరడం. మొదటిదానిలో రసం అయిపోయింది, విషయంలో కొత్తదనం లేదని విసుగు. ఉపన్యాసానికి, వ్యాసానికి వాడండి. రెండోదానిలో పని ముందే అయిపోయింది, శ్రమ దండగ అని. తీర్మానం అయిన అంశం మీద మళ్లీ కమిటీ వేస్తే పిష్టపేషణం. జనం నోట రెండింటికీ ‘పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ’ సరిపోతుంది, అది వేరే సంగతి.

తర్కపాదం:
పిష్టపేషణానికి తర్కంలో దగ్గరి మాట సిద్ధసాధనం. ఎదుటివాడు ఒప్పుకున్నదాన్నే రుజువు చేయడం. దీన్ని చక్రాకార వాదంతో కలపకండి. అది ఒప్పుకోనిదాన్ని ఒప్పుకున్నట్టు వాడడం, సరిగ్గా వ్యతిరేకం.
ఇక పెటీషియో. ఇది అరిస్టాటిల్ గ్రీకు మాటకి లాటిన్ అనువాదం. గ్రీకులో ‘మొదట్లో ఉన్నదాన్ని అడగడం’. వాళ్ల వాదం ఇద్దరి ఆట. ఒకడు ఒక పక్షం పట్టుకుంటాడు, రెండోవాడు ‘ఇది ఒప్పుకుంటావా, అది ఒప్పుకుంటావా’ అని అడిగి అడిగి, వచ్చిన ఒప్పుకోళ్లతోనే కొట్టాలి. అలా అడిగేవాడు ఏది రుజువు చేయాలో దాన్నే ‘ఇది నాకిచ్చెయ్యి’ అని అడిగితే ఆట చెడుతుంది. అందుకే ఇది అర్జీల కుటుంబం మాట. యూక్లిడ్ ‘పోస్టులేట్లు’ అన్నవి కూడా గ్రీకులో ‘అడిగినవి’ అనే. ఇక్కడ ప్రిన్సిపీ అంటే సూత్రం కాదు, ఆరంభం. ఇంగ్లిషు అనువాదం 16వ శతాబ్దం నాటిది, అందులోని ‘క్వశ్చన్’ అంటే వివాదాంశం. ప్రశ్న కాదు, యాచన అంతకన్నా కాదు.
అరిస్టాటిల్ తన ‘టాపిక్స్’ 8వ పుస్తకం 13వ అధ్యాయంలో ఈ దోషానికి అయిదు దారులు చెప్పాడు. మొదటిది ఉన్నదాన్ని ఉన్నట్టే అడగడం. అదే మాటతో అడిగితే దొరికిపోతాం, పర్యాయపదంతో అడిగితే దొరకం అన్నాడు. ఇందాక అర్థ పునరుక్తం గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ‘ధ్వని నశించేది కాబట్టి శబ్దం అనిత్యం’ అనండి. ‘కాబట్టి’ చేరగానే పునరుక్తి కాస్తా చక్రాకార వాదం అయింది.

కాగితాలపులి:
అయితే తెలుగులో ‘డొంకతిరుగుడు వాదం’ అంటే చాలదా?

సబ్‌డెస్క్:
చాలదు. డొంకతిరుగుడు అంటే సూటిగా చెప్పకుండా చుట్టూ తిప్పడం, చివరికి ఊరు చేరొచ్చు. ఇక్కడ బయలుదేరిన చోటికే వస్తాం. ‘తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు’ కూడా కాదు. అది మొండిపట్టు, అందులో ‘ఎందుకంటే’ లేనే లేదు.

కొలిమి:
సాధ్యసమం అనే పాత మాట ఉంది కదా. చాలామంది అదే వాడుతున్నారు.

తర్కపాదం:
దగ్గరి చుట్టమే, అదే మనిషి కాదు. సాధ్యసమం అయిదు హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనిపించే దోషాల్లో, ఒకటి: హేతువు కూడా సాధ్యం (తేల్చాల్సినది) లాగే ఇంకా రుజువు కావాల్సి ఉండడం. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడి ఉదాహరణ: ‘నీడ ద్రవ్యం (అంటే ఒక వస్తువు), ఎందుకంటే అది కదులుతుంది’. నీడ నిజంగా కదులుతోందా, లేక వెలుగుకి అడ్డంగా మనిషి కదులుతుంటే అలా కనిపిస్తోందా? హేతువే తేలలేదు. కానీ ఇక్కడ చుట్టు లేదు, కదలికను రుజువు చేయడానికి ఎవరూ ద్రవ్యత్వాన్ని తేవడం లేదు. తెలుగువాడని ప్రసిద్ధి ఉన్న అన్నంభట్టు తర్కసంగ్రహం నాటికి ఆ స్థానంలో ‘అసిద్ధం’ అనే పేరు ఉంది. అది ఇంకా స్పష్టం.
చుట్టుకి వేరే మాటలున్నాయి, లెక్కతో సహా. తనకు తానే ఆధారమైతే ఆత్మాశ్రయం. రెండు ఒకదానికొకటి ఆధారమైతే అన్యోన్యాశ్రయం. మూడు, అంతకన్నా ఎక్కువైతే చక్రకం. ఎప్పటికీ తిరిగి రాకుండా వెనక్కి పోతూనే ఉంటే అనవస్థ.

పదచారి:
ఆత్మాశ్రయం అంటే సాహిత్య విమర్శలో వేరే అర్థం ఉందిగా? ఆత్మాశ్రయ కవిత్వం, వస్త్వాశ్రయ కవిత్వం.

తర్కపాదం:
ఉంది. అందుకే ‘ఆత్మాశ్రయ దోషం’ అని దోషం కలిపి రాయండి. లేకపోతే చదివేవాళ్లు ఎవరి భావోద్వేగాల గురించో అనుకుంటారు.

వ్యాకర్త:
అన్యోన్యాశ్రయానికి సామెత సిద్ధంగా ఉంది: పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు.

తర్కపాదం:
బాగుంది గానీ చిన్న మెలిక. పాతవాళ్లు ఈ ఆధారపడడాన్ని మూడుగా విడదీశారు: పుట్టుకలో, నిలవడంలో, తెలియడంలో. ఉత్పత్తి, స్థితి, జ్ఞప్తి. పెళ్లి, పిచ్చిది ఉత్పత్తిలో అన్యోన్యాశ్రయం. అక్కడ ఎవరూ వాదించడం లేదు, పని ముడిపడింది అంతే. ఆ కార్డు ఉంటేగాని ఈ సర్టిఫికెట్ రాదు, ఈ సర్టిఫికెట్ ఉంటేగాని ఆ కార్డు రాదు అన్నదీ అదే. పుస్తకానికి కావాల్సింది జ్ఞప్తిలో ఉన్నది. ‘ఈ పత్రం అసలుదే, మీద అధికారి సంతకం ఉంది. ఆ సంతకం అసలుదని ఎలా తెలుసు? అసలు పత్రం మీద ఉంది కాబట్టి.’
చెట్టు ముందా విత్తు ముందా అన్నది మాత్రం దీనికింద పెట్టకండి. ఈ విత్తు ఆ చెట్టుది, ఆ చెట్టు ఇంకో విత్తుది. ఒకే రెండు వస్తువులు ఒకదాన్నొకటి పుట్టించుకోవడం లేదు. అది అనవస్థే, కానీ లోకంలో కనిపిస్తున్నది కాబట్టి దోషం కాదని బీజాంకుర న్యాయం.

కోర్టుపక్షి:
చుట్టు పట్టుకోవడానికి కాగితం మీద చేసే పద్ధతి. తేల్చాల్సినది పైన ఒక వాక్యంలో రాయండి. కింద దాని హేతువు. ఆ హేతువు పక్కన ‘ఇది ఎలా తెలుసు’ అని రాసి జవాబు దాని కింద. ప్రతి మెట్టులోనూ పర్యాయపదాలు తీసేసి ఒకే మాట వాడండి, చుట్టు ఎక్కువగా దాక్కునేది అక్కడే. పై వాక్యం మళ్లీ వచ్చిందా, గీత గీసి మెట్లు లెక్కపెట్టండి. రాకుండా ‘అది అందరికీ తెలిసిందే’ దగ్గర ఆగితే చక్రకం అనకండి. అది అసిద్ధం.

సబ్‌డెస్క్:
పేపరు భాషకైతే ‘తేల్చాల్సినదాన్నే ఒప్పేసుకుని వాదించడం’. ఇంకోటి, ఇంగ్లిషు వార్తల్లో ‘బెగ్స్ ద క్వశ్చన్’ చాలాసార్లు తర్కదోషం కాదు, ‘ఈ ప్రశ్న తలెత్తుతోంది’ అనే. ఆ వాక్యం తర్వాత ప్రశ్నార్థకం ఉందేమో చూడండి. ఉంటే దోషం పేరు పెట్టనక్కర్లేదు.

పదచారి:
ఇంతవరకు తేలింది ఇలా రాసుకున్నా, చూడండి.
‘అర్జీ: నమూనా లేకుండా, తన మాటల్లో, అధికారి ముందుంచే కోరిక. దరఖాస్తు: నిర్ణీత నమూనాలో, అర్హత చూపి కోరేది. ఫిర్యాదు: ఒకరి తప్పును చూపి పరిష్కారం కోరేది. మహజరు: పలువురి సంతకాలతో ఇచ్చే అర్జీ. పునరుక్తి: ప్రయోజనం లేకుండా మాటనో అర్థాన్నో తిరిగి చెప్పడం. పెటీషియో ప్రిన్సిపీ: సాధ్యాన్నే హేతువుగా తీసుకోవడం, ఆత్మాశ్రయ దోషం. చక్రకం: సాధ్యం హేతువు మీద, హేతువు సాధ్యం మీద ఆధారపడి ఉండే వాదం.’

తర్కపాదం:
చివరిది మార్చండి. మీరు రాసింది రెండే, అది అన్యోన్యాశ్రయం. చక్రకానికి మధ్యలో కనీసం ఇంకొకటి ఉండాలి.

కొలిమి:
శీర్షికలో ఉన్నాయిగా మూడు. అదే ఉదాహరణ పెట్టండి.